షెల్టర్ ఉండగా ఫుట్‌పాత్ ఎందుకు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఇల్లు లేని పురుషుల కోసం నగరాల్లో నడిచే నైట్ షెల్టర్ల గురించి గత సంచికలో రాసిన వ్యాసానికి వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకున్నవి కొన్నే, నిలదీసినవి ఎక్కువ. నిలదీసినవాటిలో నుంచే ఐదింటిని ఎంచుకున్నాను. హైదరాబాదులో పురుషుల షెల్టర్ ఒకదానిలో తొమ్మిదేళ్లు పనిచేసిన అనుభవంతో ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ఇంటి దగ్గర ఫ్లైఓవర్ పక్కన కార్పొరేషన్ వారి నైట్ షెల్టర్ ఉంది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు చూస్తే సగం మంచాలు ఖాళీగానే కనిపిస్తాయి. అదే ఫ్లైఓవర్ కింద ఇరవై మంది దాకా మగవాళ్లు నేల మీద పడుకుంటారు. ప్రభుత్వం నీడ కల్పించినా కాదనుకునేవారిని ఏమనాలి? ఇది సోమరితనం కాదా?
– విశ్రాంత ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: మీరు చూసింది నిజమే. కానీ మీరు చూసిన వేళ సాయంత్రం. ఆ వేళకు షెల్టర్‌లో ఉండేవారు వృద్ధులు, జబ్బుపడినవారు, ఆ రోజు పని దొరకనివారు మాత్రమే. మిగతావారు ఎక్కడ ఉంటారో తెలియాలంటే పెళ్లిళ్ల సీజన్‌లో ఏదైనా ఫంక్షన్ హాలు వెనక వైపుకు వెళ్లి చూడండి. అక్కడ ప్లేట్లు కడిగేవారిలో, గుండిగలు ఎత్తేవారిలో, ఎంగిలి ఆకులు తీసేవారిలో చాలామందికి నగరంలో ఇల్లు లేదు. ఆఖరి బంతి లేచి, గిన్నెలన్నీ లారీ ఎక్కేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది. షెల్టర్ తలుపు పదింటికే వేసేస్తే అంత పని చేసి వచ్చిన మనిషి ఎక్కడ పడుకోవాలి? మా దగ్గర మొదటి రెండేళ్లు పది గంటలకే తలుపు వేసేవాళ్లం. క్రమశిక్షణ అంటే అదేనని నేనూ నమ్మాను. ఆ నియమం తీసేసి, రాత్రంతా మెలకువగా ఉండే మనిషిని ఒకరిని పెట్టాక, అంతకు ముందు ఖాళీగా ఉండే మంచాలు నిండిపోయాయి. వచ్చినవారు కొత్తవారు కారు, ఎదురుగా బస్టాపులో పడుకునేవారే.

రెండో కారణం సామాను. షెల్టర్ గుమ్మంలో నిలబడిన మనిషి మంచం ఉందా అని అడగడు, భోజనం ఉందా అని కూడా అడగడు. “సార్, పెట్టెకు తాళం ఉంటదా?” అని అడుగుతాడు. నెలరోజుల పాటు మా గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిన ఒక తాపీమేస్త్రీ నాకు బాగా గుర్తు. ఆయన సంచిలో తాపీ, మట్టం, రేషన్ కార్డు జిరాక్సు, ప్లాస్టిక్ కవరులో మడిచిన కూతురి ఫొటో ఉండేవి. తాపీ పోతే మర్నాడు అడ్డా మీద ఆయన మేస్త్రీ కాడు, రోజుకూలీ అవుతాడు, కూలి సగానికి పడిపోతుంది. అందుకే ఫుట్‌పాత్ మీద ఆ సంచి తల కింద పెట్టుకుని, పట్టీ చేతికి చుట్టుకుని పడుకునేవాడు. హాలులో ముప్పైమంది మధ్య అలా పడుకుంటే అనుమానిస్తున్నావా అని పక్కవాడు తగువుకు వస్తాడు. మేము గోడకు ఇనుప అరలు బిగించి, ఎవరి తాళం వారే వేసుకోవచ్చని చెప్పిన రోజు ఆయన లోపలికి వచ్చాడు.

మూడోది దూరం. కూలీల అడ్డాలో ఉదయం ఆరు, ఆరున్నరకు మనిషి నిలబడి ఉండాలి. షెల్టర్ అక్కడికి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆటోకు అయ్యే ఖర్చు ఆ రోజు టిఫిన్ డబ్బును మింగేస్తుంది, నడిచి వెళ్తే పని మరొకరికి దక్కుతుంది. ఫ్లైఓవర్ కింద చోటు అడ్డా పక్కనే ఉంటుంది కాబట్టి కూలీ అక్కడ పడుకుంటున్నాడు. బ్యాంకు ఉద్యోగి బ్యాంకుకు దగ్గరలో ఇల్లు వెతుక్కున్నట్టే ఇదీ.

భయం కూడా ఒక కారణమే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగినప్పుడు నగరంలో భిక్షాటనను నిషేధించి, వీధుల్లో కనిపించినవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. వారిని మంచి ఉద్దేశంతోనే తీసుకెళ్లామని అధికారులు చెప్పారు. కానీ వీధిలో పడుకునేవారి జ్ఞాపకంలో మిగిలింది వ్యాను, జైలు గోడ మాత్రమే. ఆ తర్వాత చాలాకాలం దాకా, రాత్రిపూట సర్వేకు వెళ్లి “మాతో రండి, పడుకోవడానికి చోటుంది” అంటే లేచి పరుగెత్తేవారు.

నల్లుల సంగతి, నీళ్లు రాని మరుగుదొడ్ల సంగతి, తాగి వస్తే బయటికి నెట్టేసే నియమం సంగతి ఇంకా ఉన్నాయి. సోమరులు ఒక్కరూ లేరని నేను అనను. ఏ సమూహంలోనైనా ఉంటారు. అయితే షెల్టర్ ఖాళీగా ఉంటే ముందుగా ప్రశ్నించవలసింది ఆ షెల్టర్‌నే.

ప్రశ్న: మా కాలనీ కమ్యూనిటీ హాలు పక్క స్థలంలో మగవాళ్ల షెల్టర్ పెడతామని అధికారులు వచ్చారు. కాలనీ అంతా వ్యతిరేకించి వినతిపత్రం ఇచ్చింది. నాకు కాలేజీకి వెళ్లే ఇద్దరు అమ్మాయిలున్నారు. నేనూ సంతకం పెట్టాను. మీ వ్యాసం చదివాక మనసు కుదుటగా లేదు. నేను చేసింది తప్పా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: ఆడపిల్లల తల్లిగా మీకు కలిగిన భయాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదమ్మా. భయపడడం వేరు, ఆ భయంతో ఏం అడగాలో తెలియడం వేరు. మీరు “ఇక్కడ వద్దు” అని అడిగారు. దానివల్ల ఏం జరుగుతుందో చెబుతాను.

ప్రతి కాలనీ ఇక్కడ వద్దంటుంది కాబట్టి అధికారులు చివరికి ఎవరూ వద్దనని చోటు వెతుకుతారు. అది ఊరి చివర డంపింగ్ యార్డు పక్కనో, వాడని వార్డు ఆఫీసు మేడ మీదో ఉంటుంది. అక్కడికి బస్సు ఉండదు, దగ్గరలో పని దొరకదు. అందువల్ల మనుషులు వెళ్లరు. ఏడాది తర్వాత తనిఖీకి వచ్చినవారు ఇరవై మంచాలకు నలుగురే ఉన్నారని రాస్తారు. అలాంటప్పుడు నడపడం దండగని మూసేస్తారు. షెల్టర్లు కట్టినా ఎవరూ రావడం లేదన్న మాట పత్రికల్లో వస్తుంది, మీరూ నేనూ అది చదివి నమ్ముతాం. మన అభిప్రాయం వల్లే అక్కడి పరిస్థితి అలా తయారైందని, ఆ పరిస్థితిని చూసే మన అభిప్రాయం బలపడుతోందని ఎవరికీ తట్టదు.

మరొక విషయం. షెల్టర్ పెడితే ఎక్కడెక్కడి వాళ్లో వస్తారని మీ కాలనీవారు అని ఉంటారు. ఒక చోట షెల్టర్ పెట్టేముందు చుట్టుపక్కల రాత్రిపూట ఎంతమంది బయట పడుకుంటున్నారో లెక్క తీస్తారు. లెక్కలో తేలినవారు ఇప్పటికే మీ వీధిలో మూసిన షాపుల అరుగుల మీద, గుడి ముందు, ఆసుపత్రి గోడ పక్కన ఉన్నారు. పేరూ ఊరూ ఎవరికీ తెలియకుండా చీకట్లో ఉన్న మనిషి, రిజిస్టరులో పేరు రాసి దీపం కింద పడుకునే మనిషి – ఈ ఇద్దరిలో మీ అమ్మాయిలకు ఎవరివల్ల ఎక్కువ భద్రత ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి వద్దనడానికి బదులు, ఇలా ఉంటేనే ఒప్పుకుంటామని అడగండి. కేర్‌టేకర్ ఇరవై నాలుగు గంటలూ ఉండాలి, ఒక్కరే ఉంటే చాలదు, మూడు షిఫ్టులకూ మనుషులు కావాలి. మరుగుదొడ్లు లోపలే సరిపడా ఉండాలి, ఎందుకంటే కాలనీకీ షెల్టర్‌కూ గొడవలు వచ్చేది చాలావరకు గోడ పక్కన మూత్రం దగ్గరే. గేటు బయట వీధి దీపం వెలగాలి. కేర్‌టేకర్ ఫోన్ నంబరు మీ అందరి దగ్గరా ఉండాలి, నెలకోసారి జరిగే సమావేశంలో కాలనీ తరఫున ఇద్దరు కూర్చోవాలి, వారిలో ఒకరు మహిళ అయితే మరీ మంచిది.

మా షెల్టర్ మొదలైనప్పుడు ఎదురింటివారు గోడ రెండడుగులు ఎత్తు పెంచుకున్నారు. పక్క సందులో టిఫిన్ సెంటర్ నడిపే ఆయన మాత్రం ఆరు నెలలు గమనించి, పిండి రుబ్బడానికి మా దగ్గరి నుంచే ఒకతన్ని పనిలో పెట్టుకున్నాడు. గోడ పెంచినవారు ఇప్పటికీ మాతో మాట్లాడరు. అందరి మనసూ మారుతుందని మీకు హామీ ఇవ్వలేను. సంతకం మాత్రం వెనక్కి తీసుకోవచ్చు. దానికి ఒక చిన్న ఉత్తరం చాలు.

ప్రశ్న: పనిచేసి పన్ను కట్టేవాడు అద్దె ఇంట్లో ఇబ్బంది పడుతుంటే, ఏ పనీ చేయనివారికి ఉచితంగా మంచం, భోజనం ఇవ్వడం న్యాయమా? 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనమే ఉచితాల వల్ల పరాన్నజీవుల వర్గం తయారవుతోందా అని వ్యాఖ్యానించినట్టు చదివాను. అసలు ఈ షెల్టర్లలో ఎలాంటి సౌకర్యాలు ఇవ్వాలని నిబంధనలున్నాయి?
– చిరువ్యాపారి, వరంగల్

జవాబు: మీరు చదివింది నిజమే. అది నిరాశ్రయుల వసతికి సంబంధించిన కేసు విచారణలో, ఎన్నికల ముందు ప్రకటించే ఉచితాలను ప్రస్తావిస్తూ మౌఖికంగా చేసిన వ్యాఖ్య. అది తీర్పు కాదు. ఇన్నేళ్లుగా ఈ విషయంలో ప్రభుత్వాలను కదిలించిందీ అదే న్యాయస్థానం. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర ఒక తాత్కాలిక షెల్టర్‌ను కూల్చివేస్తే, ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఆ సంగతిని లేఖ ద్వారా కోర్టు దృష్టికి తెచ్చారు. 2010 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, ఆ తర్వాత దేశంలోని పెద్ద నగరాలన్నిటికీ ఆదేశాలు వెళ్లాయి. లక్ష జనాభాకు ఒక షెల్టర్ చొప్పున, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు తెరిచి ఉండాలన్నది అప్పటి నుంచి వచ్చిన నియమం. 2011 జనగణన ప్రకారం హైదరాబాదు నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) జనాభా 67 లక్షలు దాటింది, అంటే అప్పటి లెక్కకే 67 షెల్టర్లు కావాలి. నగరం ఏనాడూ ఆ సంఖ్యకు చేరువ కాలేదు.

2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఒక్కో షెల్టర్‌లో 50 నుంచి 100 మందికి చోటుండాలని, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు దక్కాలని చెప్పాయి. మీ ఇంట్లో పది అడుగులకు పదిహేను అడుగుల పడకగది ఉంటే అందులో ముగ్గురన్నమాట. వానాకాలంలో మా హాలులో ఈ లెక్కకు రెట్టింపు మంది పడుకున్న రాత్రులున్నాయి. అలాంటి రాత్రి ఒకరు దగ్గితే, దోమలకని కిటికీలు మూసేసి ఉంటే, ఆ దగ్గు క్షయ అయితే ఏమవుతుందో ఊహించుకోండి. కిటికీలకు దోమతెర బిగించి తెరిచి ఉంచడం అన్న చిన్న పనికి మేము ఏడాదిన్నర తిరిగాం. క్షయ రోగులకు పౌష్టికాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది, కానీ అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. చిరునామా లేని మనిషికి ఖాతా తెరిపించడమే సగం వైద్యం.

ఇక ఖర్చు సంగతి. ఆ మార్గదర్శకాల్లో 50 మంది షెల్టర్ నిర్వహణకు అంచనాగా చూపిన మొత్తం ఏడాదికి 6 లక్షల రూపాయలు. రోజుకు, మనిషికి లెక్కగడితే 33 రూపాయలు. కేర్‌టేకర్ల జీతాలు, కరెంటు, దుప్పట్లు ఉతికించడం, ఫినాయిల్ అన్నీ అందులోనే. అందుకే చాలాచోట్ల మూడు షిఫ్టులకు బదులు ఒకే మనిషి పగలూ రాత్రీ కాపలా ఉంటాడు, దుప్పట్లు నెలల తరబడి ఉతుకు చూడవు. మంచం మీద కూర్చోబెట్టి భోజనం పెడతారన్న ఊహ మీలాగే చాలామందికి ఉంది. మా దగ్గర రాత్రికి దాతలు పంపితే ఉండేది, లేకపోతే లేదు. పగలు ఎక్కువమంది 5 రూపాయల భోజనం కేంద్రం దగ్గర వరుసలో నిలబడి, డబ్బు ఇచ్చే తినేవారు.

ఏ పనీ చేయనివారని రాశారు. మీ దుకాణానికి బస్తాలు దించే హమాలీ రాత్రి ఎక్కడ పడుకుంటాడో ఒకసారి అడిగి చూడండి. మా రిజిస్టరులో వృత్తి అన్న గడి ఉండేది. హమాలీ, క్యాటరింగ్, రంగులు వేసే పని, చెత్త ఏరడం, హోటల్లో కప్పులు కడగడం, సెక్యూరిటీ గార్డు. అవును, పగలంతా ఒక అపార్టుమెంటు గేటు దగ్గర యూనిఫాం వేసుకుని నిలబడే మనిషి రాత్రి మా దగ్గర పడుకునేవాడు. గది అద్దెకు అడ్వాన్సు ఒక్కసారిగా ఇవ్వగలిగితే అలాంటివారిలో చాలామంది షెల్టర్ గడప తొక్కరు.

ప్రశ్న: జనవరిలో మా మిత్రులందరం కలిసి అరవై దుప్పట్లు పంచాం. వారం తిరగకుండా కొందరు వాటిని అమ్ముకున్నారని తెలిసి మనసు విరిగింది. ఇలాంటివారికి సాయం చేయడం వృథాయేనా?
– యువకుడు, విజయవాడ

జవాబు: చలికాలంలో ఒకే ఫుట్‌పాత్‌కు ఒకే వారంలో నాలుగు బృందాలు వచ్చి దుప్పట్లు పంచిన సందర్భాలు నేను చూశాను. పగలు ఆ దుప్పట్లు దాచుకునే చోటు లేదు, మోసుకుంటూ పనికి వెళ్లలేరు, వదిలి వెళ్తే మున్సిపాలిటీ బండి ఎత్తుకుపోతుంది. రెండోది, మూడోది అమ్మినవాడు ఆ డబ్బుతో ఏం కొన్నాడో మీరు అడగలేదు. ఈసారి పంచే ముందు అడగండి. మాకు వచ్చిన జవాబుల్లో చెప్పులు, లోదుస్తులు, గడ్డం గీసుకునే బ్లేడు, నొప్పుల బామ్ ఎక్కువగా ఉండేవి. ఒక పాత షెల్టర్‌కు ఇనుప అరలు చేయించి ఇచ్చినా, ఏడాదిపాటు దుప్పట్లు ఉతికించే ఖర్చు భరించినా మీ డబ్బు సద్వినియోగమవుతుంది.

ప్రశ్న: మా మేనమామ పన్నెండేళ్ల క్రితం అప్పులపాలై ఇల్లు వదిలి వెళ్లిపోయారు. హైదరాబాదులో ఒక షెల్టర్‌లో ఉన్నారని ఊరివాళ్లు చూసి చెప్పారు. మా అమ్మ రోజూ కన్నీళ్లు పెట్టుకుంటోంది. అలాంటి చోట బతికినవాణ్ణి ఇంటికి తెస్తే నలుగురూ ఏమనుకుంటారని నాన్న అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక మేనల్లుడు, రాజమహేంద్రవరం

జవాబు: ముందు మీరొక్కరే వెళ్లండి బాబూ. కారులో నలుగురు దిగితే ఆయన వెనక గేటు నుంచి వెళ్లిపోవచ్చు, నా కళ్లముందే అలా జరిగింది. ఆదివారం మధ్యాహ్నం వెళ్తే మేలు, బట్టలు ఉతుక్కుని తీరికగా ఉంటారు. కేర్‌టేకర్‌కు మీ పేరు, బంధుత్వం చెప్పి, ఆయనకు చూడాలని ఉందో లేదో కనుక్కుని రమ్మనండి. తీసుకెళ్లడానికి వచ్చానని మొదటి మాటగా అనవద్దు. ఆ అప్పులు తీరాయా, అప్పులవాళ్లు ఇంకా వస్తున్నారా అన్న సంగతి ముందుగా చెప్పండి, పన్నెండేళ్లుగా ఆయన మనసులో తిరుగుతున్న ప్రశ్న అదే అయి ఉంటుంది. ఆయన టీ తాగుదామని బయటికి తీసుకెళ్లి డబ్బులు తానే ఇస్తానంటే ఇవ్వనివ్వండి.

మీ నాన్నగారు “అలాంటి చోట” అన్నారు. ఆయన ఊహలో ఆ చోటు ఎలా ఉందో నాకు తెలుసు, ఎందుకంటే ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నా ఊహా అదే. ఆ రోజు నేను చూసింది తెల్లవారుజామున ఐదింటికి కుళాయి దగ్గర బకెట్లతో వరుస, అద్దం ముక్క ముందు ఒకరి తర్వాత ఒకరు తల దువ్వుకుంటున్న మనుషులు, చదువు రాని పక్కవాడికి ఇంటి నుంచి వచ్చిన మెసేజీ చదివి వినిపిస్తున్న ఒక ముసలాయన. మీ మామగారు అక్కడ ఇన్నాళ్లు నిలదొక్కుకున్నారంటే అక్కడ ఆయనకంటూ ఒక మంచం, ఒక పని, ఆయన కనిపించకపోతే వెతికే ఇద్దరు ముగ్గురు మనుషులు ఉండే ఉంటారు. ఇంటికి రమ్మంటే వాటిని వదిలి రమ్మంటున్నారని గుర్తుంచుకోండి. వెంటనే రానంటే దాన్ని తిరస్కారంగా తీసుకోవద్దు.

అక్కడ ఉన్నంతకాలం ఆయనకు కావలసిన కాగితాలు చేయించవచ్చు. ఇల్లు లేనివారు కూడా ఓటరుగా నమోదు కావచ్చు. ఫారం 6లో రాసిన చోట ఆయన నిజంగా పడుకుంటున్నారా అని బూత్ స్థాయి అధికారి ఒకటికి మించిన రాత్రులు వచ్చి చూసుకుంటే, నివాసానికి వేరే పత్రం అడగరు. ఓటరు కార్డు చేతికొస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది.

మీ అమ్మగారి విషయం. కార్తీక శుద్ధ విదియ నాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంట భోజనం చేయడం మన ఆచారం. ఆయన రాజమండ్రి రాలేనంటే, ఆ రోజు ఆమే క్యారియర్ కట్టుకుని అక్కడికి వెళ్లవచ్చు. మా దగ్గర అలా వచ్చిన ఒక పెద్దావిడ వేపచెట్టు కింద చాప పరిచి తమ్ముడికి వడ్డించింది, హాలులో ఉన్న మిగతావారు ఆ కాసేపూ రేడియో ఆపేశారు. కేర్‌టేకర్‌కు ముందురోజు ఫోన్ చేసి చెప్పండి, వంట కాస్త ఎక్కువ చేయమనండి.